నందినిలో నిదానమే ప్రధానం

భిలాయ్ ఉక్కుకు సున్నపురాయి అందించిన గనుల్లో ఇప్పుడు అడవి పెంచుతున్నారు. త్వరగా ఎదిగే చెట్టా, తరాలపాటు నిలిచే చెట్టా అన్నదే అక్కడ అసలు ప్రశ్న

భిలాయ్ పవర్ హౌస్ స్టేషన్లో దిగి ఉత్తరంగా వెళ్లే దారిని నందినీ రోడ్డు అంటారు. మొదట దుకాణాలు, తర్వాత చిన్న కర్మాగారాల షెడ్లు, ఆపైన జామూల్ సిమెంట్ ఫ్యాక్టరీ. అది దాటాక ఒక్కసారిగా వరిపొలాలు మొదలవుతాయి. గట్ల మీద వరసగా నల్లతుమ్మ చెట్లు కనిపిస్తాయి. ఇలా సుమారు 20 కిలోమీటర్లు సాగితే నందిని వస్తుంది. పేరు చూస్తే వశిష్ఠుడి ఆశ్రమంలోని గోవుది, అడిగిందల్లా ఇచ్చే కామధేనువు బిడ్డది. ఈ నందిని మాత్రం భిలాయ్‌కి ఇచ్చింది ఒక్కటే: సున్నపురాయి.

ఉక్కు కర్మాగారం గురించి మాట్లాడేవారు ఇనుప ఖనిజం గురించి చెబుతారు, బొగ్గు గురించి చెబుతారు. సున్నపురాయి ఎవరికీ గుర్తుకు రాదు. అయితే బ్లాస్ట్ ఫర్నేస్‌లో ఖనిజంతోపాటు వచ్చే ఇసుక, మట్టిలాంటి మలినాలను తనలో కలుపుకుని, కరిగిన ఇనుము మీద చిట్టెంగా తేల్చే పని దానిదే. సోవియట్ యూనియన్‌తో 1955 ఫిబ్రవరి 2న ఒప్పందం కుదిరాక, 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ భిలాయ్‌లో మొదటి ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఖనిజం దక్షిణాన దల్లీ రాజహరా కొండల నుంచి వచ్చేది, సున్నపురాయి ఉత్తరాన నందిని నుంచి. దేశమంతటా పరిచిన రైలు పట్టాల తయారీలో ఈ నేలకూ కాస్త వాటా ఉంది.

ఆ రోజుల్లోనే శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి వేలాది తెలుగువాళ్లు భిలాయ్ రైలెక్కారు. వారి పిల్లలు, మనవలు ఇప్పటికీ టౌన్‌షిప్ సెక్టార్లలో తెలుగు మాట్లాడుతున్నారు. క్వార్టర్ల పెరళ్లలో మామిడి, జామ, మునగ, కరివేపాకు పెంచుకున్న తరం రిటైరయ్యాక స్వగ్రామానికి తిరిగి వెళ్లలేక, దుర్గ్, భిలాయ్ శివార్లలో చిన్న స్థలమో, అర ఎకరం పొలమో కొనుక్కోవడం మామూలే. స్థలం చుట్టూ తొందరగా పచ్చబడాలంటే ఏ చెట్టు వేయాలన్నది వారందరికీ ఎదురయ్యే ప్రశ్న. నందినిలో ప్రభుత్వానికి వందల ఎకరాల్లో ఎదురైన ప్రశ్న కూడా సరిగ్గా అదే.

నేల అడుగున సముద్రం

గని తవ్వి వదిలేసిన నేల మామూలు బంజరు కాదు. ఛత్తీస్‌గఢ్ మైదానం కింద ఉన్నది కోట్లాది ఏళ్ల కిందటి నిస్సారమైన సముద్రం అడుగున పేరుకున్న సున్నపురాయి. మన కడప, కర్నూలు జిల్లాల నాపరాళ్లకు దూరపు చుట్టం. ఇక్కడా ఇళ్ల ముందు, పశువుల కొట్టాల్లో పరిచేది ఆ బండలే. 'ఫర్షీ పత్థర్' అంటారు. దాని మీద ఉన్న మట్టికి ఛత్తీస్‌గఢ్ రైతు ఇచ్చిన పేర్లు చాలానే ఉన్నాయి. ఎర్రటి గరప నేల భాటా, పసుపు రంగు తేలిక నేల మటాసీ, కాస్త బరువైనది దోర్సా, నల్లరేగడి కన్హార్. ఈ నాలుగింటిలో ఏ రైతును అడిగినా ఏ పొలంలో ఏ వరి వేయాలో చెబుతాడు.

కానీ గని తవ్వేవాడు మొదట తీసి పారేసేది ఆ మట్టినే. మిగిలింది రాతి నేల, రాళ్ల గుట్టలు, వాన నీరు నిండిన గోతులు. మే నెలలో ఇక్కడ ఎండ 45 డిగ్రీలకు చేరుతుంది. జూన్ మధ్యలో మొదలైన వాన సెప్టెంబర్ చివరికి సర్దుకుంటుంది. ఆ తర్వాత దాదాపు ఎనిమిది నెలలు చెట్టు తన తిప్పలు తాను పడాల్సిందే. శీతాకాలం రాత్రుల్లో పది డిగ్రీల దగ్గరకు పడే చలి కూడా లేత మొక్కలకు ఒక పరీక్ష. వీటన్నిటికీ మించి సున్నం. నేలలో క్షారగుణం ఎక్కువైతే ఇనుము ఉన్నా వేరుకు అందదు. ఉక్కు కోసం తవ్విన నేలలో మొక్క ఇనుము దొరక్క పాలిపోవడం వింతే అయినా, ఆకుల ఈనెలు మాత్రం పచ్చగా ఉండి మిగతాదంతా పసుపు తిరిగిన మొక్కను చూసినవారికి ఆ సంగతి అర్థమవుతుంది.

ఇలాంటి చోట తవ్వకం పూర్తయిన భాగాన్ని అడవిగా మార్చే పని 2021లో పెద్ద ఎత్తున మొదలైంది. అప్పటి ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ ప్రభుత్వం జిల్లా ఖనిజ నిధి తదితర నిధుల నుంచి రూ.3 కోట్లకు పైగా కేటాయించి, 885 ఎకరాల్లో 80 వేలకు పైగా మొక్కలు నాటే పథకం చేపట్టింది. ఖనిజం తవ్వినవారు ఆ జిల్లా ప్రజల కోసం కొంత సొమ్ము జమ చేయాలన్న నిబంధన 2015లో గనుల చట్టానికి చేసిన సవరణతో వచ్చింది. తవ్విన నేల మీదే ఆ డబ్బు కొంత ఖర్చు పెట్టడం అరుదైన విషయమే.

దీన్ని దేశంలోనే అతి పెద్ద మానవ నిర్మిత అడవిగా ప్రచారం చేశారు. ఆ మాటను యథాతథంగా తీసుకోనక్కర్లేదు. అస్సాంలో బ్రహ్మపుత్ర ఇసుక దిబ్బ మీద జాదవ్ పాయెంగ్ 1979 నుంచి ఒంటిచేత్తో పెంచిన మొలాయ్ అడవి సుమారు 550 హెక్టార్లు, అంటే 1,350 ఎకరాల పైమాటే. ఆయనకు 2015లో పద్మశ్రీ వచ్చింది. 885 ఎకరాలతో ఆ రికార్డు చెరగదు. ప్రభుత్వాలకు 'అతి పెద్ద' అన్న మాట మీద ఉన్న మోజును పక్కనపెడితే, నందినిలో అసలు గమనించాల్సింది విస్తీర్ణం కాదు, ఎంచుకున్న చెట్ల పేర్లు.

మర్రి, రావి, ఇప్ప, కరక్కాయ, తానికాయ. గని భూముల్లో మొక్కలు నాటే పథకాల్లో సాధారణంగా కనిపించే పేర్లు కావివి. సుబాబుల్ కాదు, నీలగిరి కాదు, ఆస్ట్రేలియా తుమ్మ కాదు. ఏడాదికి నిలువెత్తు పెరిగే చెట్లను వదిలి, మనిషి ఆయుష్షును మించి బతికే చెట్లను ఎంచుకున్నారు. పాత చెట్లలో ఉసిరి ఎలాగూ ఉంది. కరక్కాయ, తానికాయ చేరితే త్రిఫల పూర్తయినట్టే.

లెక్క కూడా ఆసక్తికరమే. 885 ఎకరాలకు 80 వేల మొక్కలంటే ఎకరానికి దాదాపు 90. కాగితం మిల్లుకు కలప పెంచే రైతు అదే ఎకరంలో ఎనిమిది, తొమ్మిది వందల మొక్కలు కుక్కుతాడు. నందినిలో మొక్కకు మొక్కకు మధ్య చోటు వదిలారు. ఎందుకంటే అక్కడ అప్పటికే టేకు, ఉసిరి చెట్లు బోలెడున్నాయి. ఖాళీలు నింపడమే పని.

ఆ రెండు చెట్లే నిలవడం యాదృచ్ఛికం కాదు. టేకుకు సున్నం అంటే ప్రీతి. నీరు నిలవని, సున్నం పాలు ఉన్న నేలలో అది బాగా ఎదుగుతుంది. ఉసిరి క్షారభూముల్ని తట్టుకోవడంలో మేటి. ఉత్తరప్రదేశ్‌లో చౌడు భూముల్లో తోటలు వేస్తున్నది అందుకే. అంటే ఏ చెట్టు బతుకుతుందన్న ప్రశ్నకు సగం జవాబు నేలే చెప్పింది. అధికారులు దాన్ని చూసి మిగతా సగం రాశారు.

తొందర చెట్ల సంగతి

ఇక ఎదురు వాదన. తొందరగా ఎదిగే చెట్టును తీసిపారేయడం కుదరదు. మొండి నేల మీద మొదట అడుగుపెట్టగలిగేది అదే. దీనికి సున్నపురాయి గనుల చరిత్రలోనే గొప్ప ఉదాహరణ ఉంది. తూర్పు ఆఫ్రికాలో కెన్యా తీరాన మొంబాసా దగ్గర బంబురి సిమెంట్ కంపెనీ తవ్వి వదిలేసిన గోతుల్లో 1971లో రెనే హాలర్ అనే స్విట్జర్లాండ్ నిపుణుడు 26 రకాల మొక్కలు నాటి చూశారు. ఆరు నెలలు తిరిగేసరికి నిలిచినవి మూడే. ఒకటి కొబ్బరి, రెండోది కోనోకార్పస్ జాతి చెట్టు, మూడోది మన కోస్తా రైతులకు చిరపరిచితమైన సరుగుడు.

హాలర్ సరుగుడును పట్టుకున్నారు. దాని వేళ్లలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని నేలకు అందిస్తాయి. కాబట్టి ఎరువు లేని రాతి మీద కూడా అది బతికింది. కానీ చిక్కొచ్చిపడింది. రాలిన సరుగుడు పుల్లలు కుళ్లలేదు. ఎండిన చాపలా పేరుకుపోయాయి. అప్పుడు వాటిని నమిలి ఎరువుగా మార్చే రోకలిబండ పురుగుల్ని తెచ్చి వదిలారు. మట్టి తయారైంది. సరుగుడు నీడలో, ఆ మట్టిలో స్థానిక వృక్షాలు నాటారు. మెల్లగా సరుగుడును తగ్గిస్తూ వచ్చారు. ఒకప్పటి గొయ్యి నేడు హాలర్ పార్క్ పేరుతో పర్యాటకులు టికెట్ కొనుక్కుని చూసే అడవి. తొందర చెట్టు అక్కడ దాది పని చేసింది. ఇంటి యజమానురాలు కాలేదు.

ఈ తేడా మరిచిపోతే ఏమవుతుందో తెలుసుకోవడానికి మొంబాసా దాకా వెళ్లనక్కర్లేదు. 1877లో కడప జిల్లా కమలాపురంలో విత్తిన ఒక చెట్టు చాలు. కరువు నేలలో వంటచెరకు కోసం అటవీ అధికారులు తెప్పించిన ఆ మొక్క మెక్సికో, కరీబియన్ ప్రాంతాలది. నీళ్లు అడగదు, మేకలు ఆకు ముట్టవు, నరికిన కొద్దీ చిగురిస్తుంది. ఓర్పు విషయంలో ఇంతకు మించిన చెట్టు లేదు. సర్కారు తుమ్మగా పేరుపడి ఇప్పుడు రాయలసీమ, పల్నాడు చెరువుల్లో దాన్ని తొలగించడానికి ప్రొక్లెయినర్లు పెట్టాల్సి వస్తోంది. ఢిల్లీ రిడ్జ్ అడవుల్లో బ్రిటిష్‌వారు నాటిన అదే చెట్టు స్థానిక జాతుల్ని తోసిపుచ్చి రాజ్యమేలుతోంది. ఓర్పు ఉన్న చెట్టు కావాలని కోరుకునేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. చెట్టు ఓర్పు మనిషి మీద కూడా పనిచేస్తుంది.

సుబాబుల్ కథ కాస్త మెరుగు. కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో వేలాది రైతులు దాన్ని కాగితం మిల్లుల కోసం పెంచారు. మూడు నాలుగేళ్లకు కోత. సున్నం పాలున్న నేల దానికి నప్పుతుంది, వేళ్లు నత్రజని ఇస్తాయి, ఆకు మేకలకు మేత. నందినిలాంటి చోట దాన్ని వేయాలని ఎవరైనా అన్నారంటే తప్పుపట్టలేం. కానీ ఏడాది పొడవునా కాయలు కాసి, రాలి, మొలిచి పక్కవారి చోటు ఆక్రమిస్తుంది. ప్రపంచంలో అత్యంత హానికర ఆక్రమణ జాతులుగా శాస్త్రవేత్తలు తయారు చేసిన వందింటి జాబితాలో దాని పేరుంది. కోతకు కోసుకునే పొలంలో ఇబ్బంది లేదు. కోసేవాడు లేని గని భూమిలో దానికి అడ్డూ ఆపూ ఉండదు.

నీలగిరికి సున్నం మరీ ఎక్కువైతే ఆకులు పసుపెక్కుతాయి. పైగా నీళ్ల తగాదా దాన్ని ఎప్పుడూ వదల్లేదు. కర్ణాటక 2017లో కొత్తగా ఆ చెట్టు నాటడాన్నే నిషేధించింది. ఇక ఆస్ట్రేలియా తుమ్మ. బొగ్గు గనుల మట్టిగుట్టల మీద దేశమంతటా కనిపించేది ఇదే. ఆమ్లమైనా, క్షారమైనా నవ్వుతూ పెరుగుతుంది. ఐదేళ్లకు పచ్చటి గుట్టను ఫొటో తీసి నివేదికకు జత చేయొచ్చు. కానీ ఆకు త్వరగా కుళ్లదు. దాని కింద గడ్డి పలచన, పక్షికి పండు లేదు.

పట్టణాల్లోనూ ఇదే వరస. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖ చెట్లను ఊడ్చేశాక, నగరాన్ని త్వరగా పచ్చగా చేయాలన్న తాపత్రయంలో ఏడాకుల చెట్లు పెద్ద సంఖ్యలో వేశారు. అవి పెరిగాయి. ఇప్పుడు చలికాలం మొదట్లో వాటి పూల ఘాటుకు తలనొప్పి, ఆయాసం అంటూ జనం మొత్తుకుంటున్నారు. డివైడర్ల మీద పచ్చటి గోడలా పెరిగే కోనోకార్పస్‌ను తెలంగాణ నర్సరీల్లో పెంచొద్దన్న ఆదేశాలు వచ్చాయి. గుజరాత్ 2023లో దాన్ని నిషేధించింది. నాటినప్పుడు ఎవరూ చెడు కోరుకోలేదు. ఎంత త్వరగా ఎదుగుతుంది అన్న ఒక్క ప్రశ్నే అడిగారు.

చలి దేశాలు ఇందుకు మినహాయింపేమీ కాదు. భిలాయ్‌ని నిలబెట్టడానికి వచ్చిన సోవియట్ ఇంజనీర్ల స్వదేశంలో, యుద్ధంలో దెబ్బతిన్న నగరాల్ని త్వరగా పచ్చగా చేయాలని పోప్లార్ చెట్లు విపరీతంగా నాటారు. గడ్డకట్టే చలికి తట్టుకుని ఏపుగా ఎదగడంలో దానికి సాటి లేదు. ఫలితంగా ప్రతి జూన్‌లో మాస్కో వీధుల్లో దూది వాన కురుస్తుంది. తీరా చూస్తే ఆడ చెట్లన్నీ గింజతోపాటు దూదిని వదులుతున్నాయి. కాశ్మీర్‌లోనూ 1980లలో సామాజిక అడవుల పథకం కింద ఇలాంటి పోప్లార్‌నే తెచ్చారు. అది అమెరికా చెట్టయినా ఎందుకనో జనం 'రష్యన్' అన్నారు. స్థానిక జాతి కంటే చాలా ముందుగా కోతకు వస్తుంది కాబట్టి ఆపిల్ పెట్టెల తయారీకి రైతులు ఎగబడి వేశారు. దూది బెడదతో 2015లో హైకోర్టు ఆడ చెట్లను నరకమని ఆదేశించాల్సి వచ్చింది. కెనడా, అమెరికా మైదానాల్లో స్థలం కొనుక్కున్న తెలుగువారికి నర్సరీలు మొదట చూపించేది కూడా సంకర జాతి పోప్లార్‌నే. అక్కడి పాత రైతులు గాలికి అడ్డుగా దాన్ని ఒక వరస వేసి, దాని చాటున నిదానంగా ఎదిగే స్ప్రూస్ మరో వరస వేస్తారు. పాతిక, ముప్ఫై ఏళ్లకు పోప్లార్ ఒరిగిపోయే నాటికి స్ప్రూస్ పని అందుకుంటుంది. హాలర్ సరుగుడుతో చేసింది వీరు మంచులో చేస్తున్నారు.

గట్టు మీది తుమ్మ

మరి నందినికి దాది ఎవరు? జవాబు దారిలోనే కనిపించింది. జామూల్ దాటాక పొలాల గట్ల మీద నిలబడిన నల్లతుమ్మ. ఛత్తీస్‌గఢ్ రైతు వరిపొలంలో తుమ్మను పెంచడం తరాల నాటి అలవాటు. వ్యవసాయ శాస్త్రవేత్తలు దీని మీద పరిశోధనలు చేశారు కూడా. నాటేది ఎవరూ లేరు. పశువులు కాయలు తిని వేసిన పేడలోంచి మొలిచిన మొక్కల్లో పనికొచ్చేవాటిని రైతు ఉంచుకుంటాడు. కొమ్మలు కొట్టి నీడ తగ్గిస్తాడు. నాగలికి, బండికి, పొయ్యికి, కూతురి పెళ్లికి అదే ఆసరా. నత్రజనిని నేలకిస్తుంది, ఎండకు, చలికి తట్టుకుంటుంది. ఈ నేలది కాబట్టి హద్దు మీరదు. విదేశీ చెట్టు ఏమి చేస్తుందో అదంతా చేసే స్థానిక చెట్టు కళ్ల ముందే ఉంది. కాకపోతే నర్సరీ కేటలాగులో దానికి రంగుల ఫొటో ఉండదు.

స్థానిక జాతుల్లో తొందరగా ఎదిగేవి ఇంకా ఉన్నాయి. ఇక్కడ ఖమ్హార్ అని పిలిచే గుమ్మడి టేకు మంచి నేల దొరికితే ఏపుగా పెరిగి, టేకు కంటే చాలా ముందు కలప ఇస్తుంది. కానుగ రాళ్లలోనూ నీడ పరుస్తుంది. మేకలు దాని జోలికి పోవు. గోతుల ఒడ్డున తెల్లమద్దికి ఎదురులేదు. స్థానికులు కౌహా అంటారు. వెదురు సంగతి చెప్పనే అక్కర్లేదు. వీటిని వరసగా వేసి, వాటి నీడన ఇప్పను, కరక్కాయను నిలబెడితే పదేళ్లలో పచ్చదనం, యాభై ఏళ్లలో అడవి రెండూ దక్కుతాయి. నందిని పథకంలో దీర్ఘాయువు చెట్లకు ఇచ్చిన ప్రాధాన్యం సరైనదే. అయితే మొదటి పదేళ్ల ఎండను భరించే ఈ స్థానిక దాదులకూ అంతే చోటు దక్కాలి. లేకపోతే బోడి రాతి మీద ఇప్ప మొక్క ఒక్కటే మే నెలను ఎదుర్కోవాలి.

ఇప్ప గురించి ఒక మాట. నాటిన పదేళ్లకు గాని పువ్వు చూపదు. ఇరవై ఏళ్లకు గాని గంపల కొద్దీ రాల్చదు. అందుకే లెక్కలు చూసుకునే ఏ సంస్థా దాన్ని నాటదు. కానీ చుట్టుపక్కల పల్లె మహిళకు మార్చి, ఏప్రిల్‌లో చేతికి డబ్బు తెచ్చేది అదే. పొలం పని లేని కాలంలో తెల్లవారుజామున చెట్టు కింద ఏరుకున్న పువ్వు, తర్వాత గింజ నుంచి తీసిన నూనె. గని పని ఇచ్చిన కాలంలో జీతం ఇచ్చింది. గని మూతపడిన చోట పల్లెకు మిగిలేది ఏమిటన్న ప్రశ్నకు సుబాబుల్ వద్ద జవాబు లేదు.

మర్రి, రావి చేసే పని వేరు. వాటికి మట్టి కూడా పెద్దగా అవసరం లేదు. పాత గోడ పగుళ్లలో, బావి రాళ్లలో మొలిచే చెట్లకు సున్నపురాయి ఒక లెక్కా? పండ్లు మాగితే పక్షులు వాలతాయి. రెట్టలో తెచ్చిన ఇతర గింజలు కింద పడతాయి. నేరేడు, వేప, మేడి వాటంతట అవే మొలుస్తాయి. ఎవరూ డబ్బివ్వని కూలీలు అవి. గోతుల్లో నీరు నిలవడంతో నందిని తడినేలల మీద ఈల వేసే బాతులు, నత్తగుల్ల కొంగలు అప్పటికే కనిపిస్తున్నాయని పథకం మొదలైన నాటి ప్రభుత్వ సమాచారం. కాపు మొదలైతే పండ్లు తినే పక్షులకూ అక్కడ కొరత ఉండదు.

ఇలా స్థానిక చెట్లతో గని గొయ్యిని తీర్చిదిద్దడం దేశంలో కొత్తేమీ కాదు. గుర్గావ్ శివారులో రాళ్లు తవ్వి పాడుచేసిన సుమారు 390 ఎకరాల్లో 2010 నుంచి పౌరులు, నగర పాలక సంస్థ కలిసి ఆరావళి కొండల సొంత చెట్లనే వెతికి పెంచారు. సర్కారు తుమ్మను తీసి స్థానిక జాతుల్ని పెట్టారు. ఆ జాతుల మొక్కలు మామూలు నర్సరీల్లో దొరకవు కాబట్టి విత్తనాలు ఏరి తెచ్చి సొంతంగా నర్సరీ పెట్టుకోవాల్సి వచ్చింది. నిదానపు చెట్టును ఎంచుకున్నవారికి మొదట ఎదురయ్యే అడ్డంకి ఇదే. అడిగితే దొరికేది ఎప్పుడూ తొందర చెట్టే.

అర ఎకరం ఆసామికి

నందిని చుట్టుపక్కల అర ఎకరం కొనుక్కున్న రిటైర్డ్ ఉద్యోగికి 885 ఎకరాల పాఠం ఎంతవరకు పనికొస్తుంది? చాలావరకు. చెట్టు పేరు అడిగే ముందు గడ్డపార తీసుకుని గొయ్యి తవ్వాలి. రెండడుగులకే బండ తగిలితే టేకు, గుమ్మడి టేకు ఆశ వదులుకోవాలి. అక్కడ సీతాఫలం, ఉసిరి, కానుగ, వేప చాలు. బండలో పగుళ్లుంటే మూడడుగుల గొయ్యి తీసి చెరువు మట్టి, మాగిన పశువుల ఎరువు నింపి మొదటి మంచి వానకు మొక్క పెట్టాలి. జూలై దాటితే వేరు లోపలికి దిగేలోపు వాన వెళ్లిపోతుంది. గాలి కాసే పడమర, దక్షిణం వైపు తుమ్మ, కానుగ వరస. ఇంటికి దూరంగా ఒక మర్రి. ఆ మాటకొస్తే అర ఎకరంలో మర్రికి చోటు ఉండదు. రావి ఊరుమ్మడి రచ్చబండకు వదిలేయడం మంచిది.

ఇంతా చేసి మొక్కను చంపేది ఎండ కాకపోవచ్చు. వరి కోత అయ్యాక ఛత్తీస్‌గఢ్‌లో పశువుల్ని విడిచిపెడతారు. ఎవరి పొలమైనా మేయొచ్చు. పంట కాలంలో వాటిని కట్టేసే కట్టుబాటుకు 'రోకా-ఛేకా' అని పేరు. 2020లో ప్రభుత్వం దాన్ని ప్రచార కార్యక్రమంగా కూడా చేపట్టింది. కానీ మొక్కకు అసలు గండం పంట కాలంలో కాదు, డిసెంబర్ నుంచి జూన్ దాకా. నీళ్లు లేని ఆ రోజుల్లో పచ్చగా కనిపించే ఒకే ఒక్క రెమ్మ నిరుడు నాటిన మొక్కది. ఇప్పనో, మర్రినో మేక అందనంత ఎత్తుకు పెంచడానికి నాలుగైదేళ్ల కాపలా కావాలి. సుబాబుల్ అయితే ఒక్క ఏడాదిలో ఆ గండం దాటుతుంది. తొందర చెట్లకు దక్కిన ఆదరణలో సగం దీని పుణ్యమే.

కాబట్టి నందినిలో తీసుకున్న నిర్ణయానికి అసలు ధర నాటినప్పుడు పెట్టిన రూ.3 కోట్లు కాదు. మొక్కకు సగటున రూ.400 చొప్పున అది చాలా చవక. కంచె, కాపలా, ఎండాకాలం నీళ్లు, చచ్చినవాటి చోట కొత్తవి, ఇవన్నీ ఏటా ఖర్చు పెట్టించే పనులు. వాటికి రిబ్బన్ కత్తిరింపు ఉండదు. 2023 డిసెంబర్‌లో రాయపూర్‌లో ప్రభుత్వం మారింది. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఐదేళ్లకు ఒక ఎన్నిక. 2021లో నాటిన ఇప్ప మొదటి పువ్వు రాల్చేది 2031 ప్రాంతంలో. ఈలోపు రెండు అసెంబ్లీ ఎన్నికలు. ఆ పదేళ్ల జమాఖర్చు ఏ శాఖ పుస్తకంలో రాస్తారన్నది మొక్క పేరు కంటే పెద్ద ప్రశ్న. జిల్లా ఖనిజ నిధి ఏటా వచ్చే డబ్బు కాబట్టి అందులోంచి కాపలాకు ఒక స్థిరమైన వాటా రాసిపెట్టడం కష్టమేమీ కాదు. కాపలా పని చుట్టుపక్కల పల్లెలకే ఇచ్చి, రేపటి ఇప్పపువ్వు, ఉసిరికాయ ఏరుకునే హక్కు ఇప్పుడే కాగితం మీద పెడితే మేకలు తోలుకొచ్చేవారే వాటిని తరిమేవారవుతారు.

పవర్ హౌస్‌కు తిరిగి వెళ్లే బస్సులో సాయంత్రం అహివారా వైపు నుంచి కట్టెల మోపులు ఎక్కుతాయి. అన్నీ తుమ్మ కట్టెలే.